పాత విద్యుత్ యంత్రాలు: జర్మనీ దాచుకున్నవి, పోగొట్టుకున్నవి

ఈ సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయమని సంఘం వారు అడిగారు. రాయలవారి మీదనో, కాకతీయుల మీదనో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకంటె బాగా తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. నేను భౌతికశాస్త్రం చెప్పే బడిపంతుల్ని. మా నాయన బడిపంతులు. మా తాత పగలు రబ్బరుతోటలో చెట్లు గీసే కూలీ, సాయంత్రం బడిపంతులు. నాకు చేతనైన చరిత్ర ఇనుముతోను, రాగితోను చేసిన చరిత్ర. అందుచేత పాత కరెంటు యంత్రాలను గురించి వ్రాస్తున్నాను. నా తెలుగు సాయంకాలపు బడిలో నేర్చిన తెలుగు. తప్పులుంటే పెద్దలు దిద్దుకొని చదువుకోగలరు.

ఆ సాయంకాలపు బడి సంగతి ముందు చెప్పాలి. మా తాత 1920 ప్రాంతంలో విశాఖపట్నం జిల్లా నుంచి మలయా వెళ్ళాడు. నేను పుట్టిపెరిగినది కూడా ఆ తోటలోనే. కూలీల లైన్ల చివర, రేకుల కప్పు కింద ఒక ఇంజను ఇల్లు ఉండేది. అందులో డీజిలు ఇంజను ఒకటి, దానికి తోలు బెల్టుతో కట్టిన డైనమో ఒకటి. సాయంత్రం ఆరున్నరకు ఇంజను వేసేవారు. తాత అరుగు మీద పెద్ద బాలశిక్ష తెరిచేవాడు. బెల్టుకు అతుకు ఉండేది. ఆ అతుకు కప్పీ మీదికి వచ్చినప్పుడల్లా బల్బు ఒక్కసారి కన్నుకొట్టేది. మేము గుణింతాలు ఆ లయలోనే చదివేవాళ్ళం. తొమ్మిదిన్నరకు ఇంజను ఆపే ముందు డ్రైవరు మూడుసార్లు వెలుగు తగ్గించి పెంచేవాడు. మొదటిసారికి పలకలు తుడవాలి, రెండోసారికి పుస్తకాలు సంచిలో పెట్టాలి, మూడోసారికి ఎవరి ఇంట్లో వాళ్ళు ఉండాలి. ఇంజను ఆగితే బడి ఆగేది.

నేను 1980 దాటాక చదువుకోసం జర్మనీ వచ్చాను, ఇక్కడే ఉపాధ్యాయుడనయ్యాను. కొన్నేళ్ళకు ఆ తోట చేతులు మారింది. ఊరికి ఎప్పుడో ప్రభుత్వపు కరెంటు వచ్చింది కనుక ఇంజను మూలబడి ఉంది. దాన్ని తుక్కు కింద అమ్మేస్తున్నారని, డైనమో మీది ఇత్తడి బిళ్ళ ఊడదీసి పంపమంటావా అని మా మేనత్త కొడుకు ఉత్తరం వ్రాశాడు. పోస్టు ఖర్చు దండగ, వద్దని జవాబు వ్రాశాను. ఆ నెలలోనే మా తరగతి పిల్లలను రైలెక్కించి, మ్యూనిక్‌లో పాత యంత్రాలు చూపించడానికి తీసుకువెళ్ళాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

మ్యూనిక్‌లో మేము చూచిన యంత్రాలలో ఒకటి, ఈ దేశంలోని లౌఫెన్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన జనరేటరు. నెక్కర్ నది ఒడ్డున ఉన్న లౌఫెన్‌ను హెల్డర్లిన్ కవి పుట్టిన ఊరుగా సాహిత్యం చదివినవారు ఎరుగుదురు. మా శాస్త్రం వాళ్ళకు అది వేరే విధంగా పుణ్యక్షేత్రం.

సంగతి ఇది. 1880 నాటికి డైనమోలున్నాయి, దీపాలున్నాయి. కాని కరెంటు ఎక్కడ పుడితే అక్కడే వాడుకోవాలి. దూరం పంపితే, ఇసుక నేలలో త్రవ్విన కాలువ నీరు పొలం చేరేలోగా ఇంకిపోయినట్టు, దారిలోనే వేడిగా మారి పోయేది. మ్యూనిక్ నగరవాసి, ఇంజనీరు ఆస్కార్ ఫాన్ మిల్లర్ 1882లో ఫ్రెంచి ఇంజనీరు మార్సెల్ డెప్రేతో కలిసి ఒక ప్రయత్నం చేశాడు. మీస్‌బాఖ్ నుంచి మ్యూనిక్ ప్రదర్శనశాల వరకు 57 కిలోమీటర్లు మామూలు టెలిగ్రాఫ్ తీగ మీద కరెంటు పంపి, అక్కడ ఒక పంపును తిప్పి, చిన్న జలపాతం పారించారు. బయలుదేరిన శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే చేరింది. నవ్వినవారు నవ్వారు. మిల్లర్‌కు అప్పటికి 27 ఏళ్ళు.

తొమ్మిదేళ్ళ తరువాత, 1891 మే నుంచి అక్టోబరు వరకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శన జరిగింది. దాని సాంకేతిక బాధ్యత మిల్లర్‌దే. లౌఫెన్‌లో ఒక సిమెంటు కర్మాగారం వారికి నది మీద నీటి బలం ఉంది. అక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్లు. అంత దూరం కరెంటు పంపి చూపిస్తానని పూనుకొన్నాడు. తీగ దారి వుర్టెంబెర్గ్, బాడెన్, హెస్సె, ప్రష్యా అనే నాలుగు ప్రభుత్వాల నేల మీదుగా పోవాలి. ఒక్క ప్రభుత్వంతో పనిపడినవారికే తెలుసు అది ఎంత తలనొప్పో! మూడు వేలకు పైగా స్తంభాలు నాటారు. నాలుగు మిల్లీమీటర్ల మందం గల రాగితీగలు మూడు, మొత్తం సుమారు 60 టన్నుల రాగి. ప్రజలు ముట్టుకోకుండా స్తంభాల మీద పుర్రె బొమ్మలు వేయించారు.

ఇక్కడ ఒక చిన్న పాఠం చెప్పనివ్వండి, అలవాటు పోదు. తీగలో నష్టం కరెంటు పరిమాణానికి వర్గంగా పెరుగుతుంది. అదే శక్తిని వోల్టేజి పదిరెట్లు పెంచి పంపితే కరెంటు పదోవంతుకు తగ్గుతుంది, నష్టం నూరోవంతుకు తగ్గుతుంది. పంపేచోట వోల్టేజిని పెంచాలి, అందుకొనేచోట దించాలి. ఆ పని ట్రాన్స్‌ఫార్మరు చేస్తుంది, కాని దానికి ఆల్టర్నేటింగ్ కరెంటు కావాలి. లౌఫెన్ జనరేటరు ఇచ్చినది వంద వోల్టులు కూడా లేని కరెంటు. దాన్ని నూనెలో ముంచిన ట్రాన్స్‌ఫార్మర్లు 15,000 వోల్టులకు పెంచాయి. తరువాతి పరీక్షలలో 25,000 వరకు వెళ్ళారు.

1891 ఆగస్టు నెల చివర ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెయ్యి బల్బులు వెలిగాయి. వంద అశ్వశక్తి మోటారు ఒకటి పంపును తిప్పగా పది మీటర్ల ఎత్తు నుంచి కృత్రిమ జలపాతం దూకింది. లౌఫెన్ దగ్గర దూకిన నెక్కర్ నీరే తీగల మీద నడిచివచ్చి ఫ్రాంక్‌ఫర్ట్‌లో మళ్ళీ దూకినట్టుగా ఉంది! ఈసారి బయలుదేరిన శక్తిలో సుమారు ముప్పాతిక వంతు చేరింది. పది లక్షలకు పైగా జనం ఆ ప్రదర్శన చూచారు. మరుసటి ఏడు 1892లో లౌఫెన్ కరెంటు పక్కనున్న హైల్‌బ్రోన్ పట్టణానికి శాశ్వతంగా వెళ్ళింది.

ఆ జనరేటరును రూపొందించినవాడు స్విట్జర్లండులోని ఎర్లికోన్ కర్మాగారపు ఇంజనీరు చార్లెస్ బ్రౌన్. మోటారు, ఆ మూడు తీగల పద్ధతి మాత్రం ఏ.ఇ.జి. కంపెనీలో పనిచేసిన మిఖాయిల్ డోలివో-డోబ్రొవోల్‌స్కీవి. ఈయన కథ మన పిల్లలకు చెప్పదగినది. 1862లో రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర పుట్టాడు. రీగాలో చదువుతుండగా రాజకీయ కారణాలతో కాలేజీ నుంచి వెళ్ళగొట్టారు. స్వదేశంలో ఎక్కడా చేర్చుకోలేదు. జర్మనీ వచ్చి డార్మ్‌స్టాట్‌లో చేరాడు. ప్రపంచంలో మొదటి విద్యుత్ ఇంజనీరింగు ఆచార్యపీఠం 1882లో అక్కడే ఏర్పడింది. ఈ రోజు మన ఊళ్ళల్లో పిండిమర, పొలం బోరు, లిఫ్టు, రైసుమిల్లు తిప్పుతున్న త్రీఫేజు మోటారు ఆయన 1889లో చేసినదాని సంతానమే. ఆ కరెంటుకు జర్మన్‌లో పేరు పెట్టింది కూడా ఆయనే: డ్రేష్ట్రోమ్, అంటే తిరిగే కరెంటు. పరాయి దేశం నుంచి వచ్చినవాడు పెట్టిన మాట ఈ దేశంలో ప్రతి ఎలక్ట్రీషియను నోట ఉంది. ఆ సంగతి తలచుకొన్నప్పుడల్లా నాకు లోపల సంతోషంగా ఉంటుంది.

మిల్లర్ 1903లో మ్యూనిక్‌లో డాయిచెస్ మ్యూజియం స్థాపించాడు. దాని సొంత భవనం 1925 మే 7న తెరిచారు. అది ఆయన డెబ్బయ్యవ పుట్టినరోజు. లౌఫెన్ జనరేటరు అక్కడికే చేరింది. 1944 బాంబుదాడులలో ఆ భవనం చాలా భాగం పాడయింది, యంత్రం మిగిలింది. మా పిల్లలకు అక్కడ నచ్చేది కృత్రిమ పిడుగు. బోనులో మనిషిని కూర్చోబెట్టి పైన పిడుగు వేస్తే చప్పట్లు కొట్టేవారు. జనరేటరు ముందు నేను పాఠం చెబుతుంటే ఆవులించేవారు. వాళ్ళ తప్పు లేదు. ఆగిన యంత్రం అందరికీ మాట్లాడదు.

మ్యూజియంలో ఒక్క యంత్రాన్ని నిలబెట్టడం సులువు. పవర్ హౌసు మొత్తం నిలుపుకోవడం ఎంత కష్టమో రైన్‌ఫెల్డెన్‌లో తెలిసింది.

రైన్‌ఫెల్డెన్ జర్మనీ, స్విట్జర్లండు సరిహద్దులో రైను నది మీద ఉంది. అక్కడ 1898లో పనిచేయడం మొదలుపెట్టిన జలవిద్యుత్కేంద్రం యూరప్‌లో నది ప్రవాహం మీద కట్టిన మొదటి పెద్ద కేంద్రాలలో ఒకటి. ఇరవై యంత్రాలు వరుసగా నిలబడి ఉండేవి. లౌఫెన్ ప్రయోగం 40 సైకిళ్ళతో జరిగింది. రైన్‌ఫెల్డెన్‌లో 50 సైకిళ్ళు. ఆ సంఖ్య యూరప్‌లో స్థిరపడడానికి ఈ కేంద్రం ఒక ముఖ్య కారణం. మన ఆంధ్ర, తెలంగాణ ఇళ్ళలో ఫ్యాను తిరిగేది కూడా ఆ 50 మీదనే. కరెంటు దొరుకుతుందని అదే ఏడు జర్మనీలో మొదటి అల్యూమినియం కర్మాగారం అక్కడ వెలిసింది. పొలాలున్నచోట ఊరు పుట్టింది, 1922లో దానికి పట్టణ హోదా వచ్చింది. అన్నం పెట్టిన తల్లి ఆ పవర్ హౌసు.

దాన్ని 2010లో ఆపివేసి పడగొట్టారు. కొంచెం ఎగువన కొత్త కేంద్రం కట్టారు, 2011లో ప్రారంభించారు. పాతది 26 మెగావాట్ల లోపు, కొత్తది 100 మెగావాట్లు. పాత కేంద్రాన్ని తీసివేసి, ఆ కాలువలో చేపలు ఎగువకు ఈదేందుకు, గుడ్లు పెట్టేందుకు సహజమైన వాగులాంటి దారి ఏర్పరచాలని అనుమతిలోనే షరతు ఉంది. నదికి రెండువైపుల ప్రజలు, జర్మన్లు, స్విస్సులు కలిసి, కేంద్రాన్నీ దానిని ఆనుకొన్న ఇనుప కాలిబాట వంతెననూ నిలపమని ఆందోళన చేశారు. ఫలితం లేకపోయింది. రెండూ పోయాయి. ఒక యంత్రాన్ని మాత్రం విప్పి తెచ్చి చూపుడుకు పెట్టారు.

పడగొట్టేముందు ఒకసారి ఆ వంతెన మీద నిలబడ్డాను. పక్కన ఒక ముసలి స్విస్ దంపతులు ఉన్నారు. పెళ్ళికి ముందు రోజూ సాయంత్రం ఆ వంతెన మీదనే కలుసుకొనేవారట, ఒకరు అటు దేశం, ఒకరు ఇటు దేశం. "చేపలకు ఓటు ఉంది, మాకు లేదు" అన్నాడు ఆ పెద్దాయన. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. కాని నిజం చెప్పాలంటే చేపల పక్షం కూడా న్యాయమైనదే. నూట పన్నెండేళ్ళు వాటి దారికి మనం అడ్డం పడ్డాం. శుభ్రమైన కరెంటు నాలుగు రెట్లు వస్తుంటే వద్దనడం భౌతికశాస్త్రం చెప్పేవాడికి కష్టం. నా అభ్యంతరం ఒక్కటే. ఇరవైలో ఒకటి చాలునని ఎవరు లెక్కకట్టారు? ఒక్క యంత్రం చూస్తే యంత్రం తెలుస్తుంది. ఇరవై వరుసన, మధ్య నూనె మరకలున్న నడవా, గడియారం, మనుషులు కూర్చున్న కుర్చీ ఇవన్నీ ఉంటేనే అక్కడ జరిగిన పని తెలుస్తుంది.

నిలిచినవీ ఉన్నాయి. ఐఫెల్ కొండలలో హైంబాఖ్ దగ్గర 1905లో కట్టిన కేంద్రం ఉంది. ఉర్ఫ్ట్ జలాశయం నుంచి కొండలో సొరంగం తొలిచి నీరు తెచ్చారు. ఎనిమిది యంత్రాలతో, 12 మెగావాట్లతో అది ఆనాడు యూరప్‌లో అన్నిటికంటె పెద్దదని పేరు. వెలుపల నుంచి చూస్తే చర్చి అనుకొంటారు. 1970లలో రెండు కొత్త యంత్రాలు పెట్టి పాతవాటిని ఆపారు. కాని హాలును పడగొట్టలేదు, రెండు పాత యంత్రాలనూ అక్కడే ఉంచారు. 1998లో పియానో విద్వాంసుడు లార్స్ ఫోగ్ట్ ఆ యంత్రాల హాలులో సంగీతోత్సవం మొదలుపెట్టాడు. ఆయన 2022లో కన్నుమూశాడు. ఆ ఉత్సవం పేరు 'ష్పానుంగెన్'. జర్మన్‌లో ఆ మాటకు వోల్టేజి అనీ అర్థముంది, ఉద్వేగం అనీ అర్థముంది. మా ఆవిడ సంగీతం వింది. నేను విరామంలో మీటర్లు చూచుకొన్నాను. ఇద్దరం తృప్తిగా ఇంటికి వచ్చాం.

మిల్లర్ ప్రణాళికతో 1924లో పనిచేయడం మొదలుపెట్టిన వాల్ఖెన్‌జే కేంద్రం ఇంకా కరెంటు ఇస్తున్నది. 200 మీటర్ల ఎత్తు నుంచి నీరు దిగే ఆ గొట్టాలు చూడడానికే జనం వస్తారు. రూర్ ప్రాంతంలో రెక్లింగ్‌హౌజెన్‌లో 1928 నాటి సబ్‌స్టేషనులోనే విద్యుత్ మ్యూజియం పెట్టారు. పాత ఇస్త్రీపెట్టెలు, రేడియోలు, ట్రాముబండి అన్నీ ఉన్నాయి. చిన్నపిల్లలతో వెళ్ళేవారికి మ్యూనిక్ కంటె అదే మేలు.

ఇక మన తాతల దేశం సంగతి. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం ప్రభుత్వం 1920లో బొగ్గుతో నడిచే పవర్ హౌసు పెట్టింది. అది 1983లో మూతపడింది. 1995లో పడగొట్టారు. నేను మొదటిసారి హైదరాబాదు వెళ్ళినది అటుతరువాత. చెరువు ఒడ్డున పచ్చికా, ఫౌంటెన్లూ, ఐస్‌క్రీము బండ్లూ చూచాను. పవర్ హౌసు ఎక్కడుండేదని ఆటోడ్రైవరును అడిగితే, "కరెంటు బిల్లు కట్టాలా సార్?" అన్నాడు. కొత్తగూడెంలో పాత థర్మల్ కేంద్రపు కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టు 5న పేల్చివేశారు. ఆ వీడియో నాకు నలుగురు పంపారు. కొన్ని సెకన్లలో అంతా దుమ్ము. వెనుక ఎవరో ఈల వేస్తున్నారు.

మాచ్‌ఖండ్ మాత్రం బతికి ఉంది. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రాలు కలిసి డుడుమ జలపాతం దగ్గర కట్టుకొన్న ఈ కేంద్రాన్ని 1955లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. 17 మెగావాట్ల యంత్రాలు మూడు, 23 మెగావాట్లవి మూడు, మొత్తం 120 మెగావాట్లు. విశాఖ వైపు ఊళ్ళకు వెలుగు అక్కడి నుంచే వచ్చింది. మా తాత పుట్టిన ఊరు చూడడానికి వెళ్ళినప్పుడు నాకు వరసకు చిన్నాన్న అయ్యే పెద్దాయన కనిపించాడు. మాచ్‌ఖండ్‌లో ఆపరేటరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నాడు. మలయా నుంచి జర్మనీ వెళ్ళిన మనవడితో ఏం మాట్లాడాలో ఆయనకు తోచలేదు, నా తెలుగు నాకే ఎబ్బెట్టుగా ఉంది. నేను టర్బయిన్ల సంగతి అడిగాను. అంతే, చీకటిపడేదాకా మాట్లాడుకొన్నాం.

"మిషను పాట మారితే నిద్దట్లో ఉన్నా తెలిసిపోతాది బాబూ" అన్నాడు. "మీటరు తరవాత చెప్తాది. ముందు అరికాలు చెప్తాది."

బేరింగు వేడెక్కితే నేల అదిరే తీరు మారుతుందట. ఏ యంత్రానిది ఏ శ్రుతో ఆయన నోటితో చేసి చూపించాడు. ఆరింటినీ వేరువేరుగా! అప్పుడు నా దగ్గర చిన్న టేపురికార్డరు ఉంది. చేతిసంచిలోనే ఉంది. అది తీస్తే ఆయన మాట ఆపేస్తాడేమోనని తీయలేదు. మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాంలే అనుకొన్నాను. ఇప్పుడు ఆయన లేడు. ఇత్తడి బిళ్ళ వద్దని వ్రాసినవాడూ నేనే, టేపురికార్డరు తీయనివాడూ నేనే.

మా తోట ఇంజను డ్రైవరుకు కూడా ఆ చెవి ఉండేదని ఇప్పుడు అర్థమవుతున్నది. వాన రాత్రుల్లో ఇంజను కాస్త దగ్గితే తాత పాఠం ఆపి తల ఎత్తేవాడు. ఒక నిమిషం విని, ఫరవాలేదు చదవండి అనేవాడు.

సంఘం సభ్యులకు ఒక మనవి. ఈ పండుగ రోజున పుస్తకాల బల్ల పక్కన నాకు ఇంకొక బల్ల ఇస్తామన్నారు. మీ ఇంట్లో తాతగారో, మామగారో పవర్ హౌసులోనో, సబ్‌స్టేషనులోనో, తోట ఇంజను దగ్గరో, రైల్వే వర్క్‌షాపులోనో పనిచేసి ఉంటే వారి ఫోటో, గుర్తింపు కార్డు, డ్యూటీ పుస్తకం, ఊడదీసిన స్విచ్చు, మీటరు, ఏదైనా సరే తీసుకురండి. ఫోటోలకు నకళ్ళు తీసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చివేస్తాను. పెద్దలు స్వయంగా వస్తే ఇంకా సంతోషం. ఈసారి రికార్డరు బల్ల మీదనే ఉంటుంది. కొత్త బ్యాటరీలు కొన్నాను.